తొమ్మిదో తరగతి కాయితం

"అది కాదు సీమోనూ. ఒక్క ఏడాదే కదా అని నువ్వు సులువుగా అనేస్తున్నావు."

"నేననడం లేదండి. మా ఆవిడందండి. ఆ మాట మీ దగ్గరికి మోసుకొచ్చేనండి, అంతే."

మురమళ్ళలో హెడ్మాస్టరు అబ్రహాముగారి వీధి అరుగు. తొంభై తొమ్మిది ఆగస్టు, ఆదివారం మధ్యాహ్నం, కరెంటు పోయి గంట దాటింది. ఆర్టీసీ కండక్టరు సీమోను డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా కూడా మార్చుకోకుండా వచ్చి కూర్చున్నాడు. అతన్ని వెళ్ళిపొమ్మనాలని మాస్టారికి ఉంది గానీ, ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

"మీ ఆవిడ సంగతి సరే. నువ్వేమంటావు?"

"నేనేమంటానండి. నాలుగున్నర బండికెక్కేను, ఇందాకే దిగేను. ఏమనడానికీ ఓపిక లేదండి."

"మంచినీళ్ళు తాగుతావా?"

"తాగేనండి. రాగానే ఇచ్చేరు కదండి."

"ఆఁ. ఇచ్చేను కదూ. సరే, మళ్ళీ చెప్పు. మండలాఫీసులో అసలేమన్నారు?"

"మళ్ళీనాండి?"

"సరిగ్గా వినలేదు. చెప్పు."

"మెడిసిన్ కౌన్సెలింగుకి లోకల్ సర్టిఫికెట్టు కావాలని కాయితాలు పట్టుకెళ్ళేనండి, బుధవారం. గుమస్తాగారు అన్నీ బల్లమీద పరిచేరు. ఇంటరు అమలాపురం, పదోతరగతి మురమళ్ళ, బాగుందన్నారు. తొమ్మిదో తరగతి కాయితం దగ్గర ఆగిపోయేరు. ఇది యానాం కదయ్యా, పాండిచ్చేరి కిందకొస్తుంది అన్నారు. అవునండి, యానామేనన్నాను. అయితే మీ అమ్మాయి మెర్సీ లోకల్ కాదు అన్నారండి."

"అంత తేలిగ్గా అనేసేరా?"

"ఇంటరు అయ్యేనాటికి వరసగా నాలుగేళ్ళు మన పరిధిలోనే చదివుండాలటండి. తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్ళు. అందులో ఒకటి గోదారి అవతల పడింది. నేనూ ఊరుకోలేదండి. బాబూ, నా కూతురు పొద్దున్న లేచింది మురమళ్ళలో, రాత్రి పడుకుంది మురమళ్ళలో. ఎదుర్లంక రేవులో లాంచీ ఎక్కి వెళ్ళడం, సాయంత్రానికి వచ్చేయడం. పుస్తకాలు మనవే, పరీక్షలు మనవే, పంతుళ్ళలో సగంమంది మనూరోళ్ళే అన్నాను. ఆయన పాపం మంచాయనే. ఏం చెయ్యనయ్యా, గోదారి మధ్యలో గీతుంది, అది నేను గీసింది కాదు అన్నారు."

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా?"

"ఇన్నాళ్ళూ ఎంసెట్లో ర్యాంకెక్కడొచ్చిందండి, ఎవరైనా కాయితాలు చూడ్డానికి? మొదటిసారి పదిహేనువేలు, రెండోసారి ఆరువేలు. ఇదిగో, మూడోసారికి వచ్చింది."

"మరి అటు యానాం కోటా?"

"అక్కడ వరసగా అయిదేళ్ళుండాలండి. మనది రెండేళ్ళే. ఎనిమిదీ తొమ్మిదీ."

"రెంటికీ చెడ్డ రేవడి."

"మా ఆవిడా సరిగ్గా ఆ మాటే అందండి."

"ఇంకా ఏమంది?"

"ఇంకేం అనలేదండి."

"చెప్పు సీమోనూ."

"వద్దులెండి. కోపంలో ఆడవాళ్ళు వంద అంటారు."

"యానాంలో చదువుకుంటున్న పిల్లని పదో తరగతికి ఇక్కడికి లాక్కొచ్చింది మాస్టారే కదా అంది. అంతేనా?"

"నేననలేదండి."

"నువ్వనవు. అన్నా తప్పు లేదు. మీ ఇంటికి మూడుసార్లొచ్చేను. పిల్ల చురుకైంది, మా బళ్ళో వెయ్యి, మండలం ఫస్టొస్తుందని మీ వాకిట్లో కూర్చుని మరీ బతిమాలేను. మీ సత్యవతి వద్దంది. అయిదేళ్ళూ అక్కడే కానివ్వండి మాస్టారూ, మా తమ్ముడు జోజి అన్నీ కనుక్కున్నాడు, అక్కడ డాక్టరు సీటు సులువంట అంది. నేను విన్నానా?"

"ఫస్టొచ్చింది కదండి. మీ మాట పోలేదు."

"వచ్చింది. గోడమీద బోర్డు రాయించుకున్నాం. బడికి పేరొచ్చింది. ఆ పిల్లకేమొచ్చింది?"

"మాస్టారూ, మీరలా మాట్లాడకండి. నేను నిష్ఠూరమాడ్డానికి రాలేదండి."

"మరెందుకొచ్చేవు?"

"అడగడానికండి. తొమ్మిదో తరగతి కూడా మీ బళ్ళోనే చదివినట్టు కాయితం ఇస్తారేమోనని. అడిగేను. మీరు కాదంటే వెళ్ళిపోతాను."

"కాదనలేదు. ఆలోచిస్తున్నాను."

"ఆలోచించడానికేముందండి ఇందులో? మీ పద్ధతి నాకు తెలీదా? ముప్పైయేళ్ళ సర్వీసులో ఒక్క పుట్టినతేదీ దిద్దేరాండి మీరు? మన సంఘపెద్దగారి అబ్బాయికే దిద్దలేదు. ఆయన మీతో రెండేళ్ళు మాట్లాడలేదు."

"మూడేళ్ళు."

"ఆయ్, మూడేళ్ళండి. ఆయనకే దిద్దనివారు నాకు దిద్దుతారా? దిద్దరు. అదే ఇంటికెళ్ళి చెప్పుకుంటాను."

"అదేంటయ్యా. అడగడానికొచ్చి జవాబు కూడా నువ్వే చెప్పేసుకుంటున్నావు?"

"అలవాటండి. చిల్లర లేదని టిక్కెట్టు కొట్టకముందే చెప్పేస్తాం కదండి."

"మెర్సీ ఏమంటోంది?"

"దాని సంగతి అడక్కండి."

"ఏం, తినడం లేదా?"

"తింటుందండి, పిలిస్తే. విజయవాడ హాస్టల్లో తెల్లారుజామున నాలుగింటికి గంట కొట్టేవారటండి. రెండేళ్ళు అలా లేచి లేచి, ఇప్పుడు ఇంట్లో కూడా నాలుగింటికి లేచి కూచుంటోంది. చదవడానికేం లేదు. అయినా లేస్తుంది. నేను డ్యూటీకి లేస్తాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటాం."

"ఏమీ అడగలేదా నిన్ను?"

"బుధవారం రాత్రి అన్నం దగ్గర ఒక్కసారి అందండి. 'ఒక్క కాయితమే కదా నాన్నా' అంది. మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోయేసరికే నాకు భయం వేస్తోంది."

"ర్యాంకు రెండువేల ఆరువందల పధ్నాలుగు కదూ?"

"మీకింకా గుర్తుందే."

"మందిరంలో నిలబెట్టి సాక్ష్యం చెప్పించేవు కదా, ఊరంతా వినేలాగ."

"అదే పొరపాటండి. సీటొచ్చేదాకా ఆగాల్సింది. మీరు ఆగేరు చూడండి, అదీ పెద్దరికం. మీ అమ్మాయి ఎస్తేరుకెలా వచ్చిందండి ఇంతకీ?"

"వచ్చింది."

"అంటే?"

"ఏదో వచ్చింది. నాన్‌లోకల్లోనే ప్రయత్నిస్తే ఏమౌతుంది మెర్సీకి? పదిహేను శాతం వదిలేరు కదా?"

"అది రాష్ట్రం మొత్తానికండి. ఆ గుమ్మం దాకా మన ర్యాంకు వెళ్ళదు. లోకలైతే మన బీసీ-సీ కోటా ఉంటుంది. కోటా అంటే ఎంతండి, ఒక్క శాతం. అందులో ఆడపిల్లలకి ఈ ఏడాది రెండే సీట్లని తేల్చేడు మా జోజి. మొదటిది రాజమండ్రి అమ్మాయి ఎవరిదో. రెండోది మెర్సీది. లోకలైతే."

"లోకల్ కాకపోతే?"

"తరవాత పేరున్న అమ్మాయికి వెళ్తుంది. ఎవరి పిల్లో."

"ఎవరి పిల్లో."

"ఆయ్. వాళ్ళూ ఎక్కడో ఇలాగే అరుగుమీద కూర్చుని లెక్కలేసుకుంటూ ఉంటారు. వాళ్ళ ఉసురు మనకెందుకులెండి."

"సీమోనూ."

"చెప్పండి."

"నేనివ్వలేను."

"ఆయ్."

"కోప్పడకు. నీకు అర్థమయ్యేలా చెప్తాను. మెర్సీ మా బళ్ళో చేరింది పదో తరగతిలో. తొమ్మిదిలో చేరినట్టు రాయాలంటే రిజిస్టర్లో రెండు పేర్ల మధ్య మూడో పేరు ఇరికించాలి. అక్కడ చోటు లేదు. చోటున్నా నా చెయ్యి రాదు. రేపు ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాసేడనుకో, రెండో ఏడాది చదువుతున్న పిల్లని మెడపట్టి బయటికి పంపుతారు. అప్పుడు చదువూ పోతుంది, పరువూ పోతుంది."

"నిజమేనండి."

"ఇప్పుడు ఏడుస్తుంది. అప్పుడైతే ఏడవడానికి కూడా శక్తి ఉండదు."

"చాలండి మాస్టారూ. ఇంక చెప్పకండి. మాస్టారు కాదన్నారని ఇంటికెళ్ళి చెప్తాను. మీరు కాదంటే మా ఇంట్లో దానికి తిరుగులేదు."

"నా మీద కోపం లేదు కదా?"

"లేదండి. ఇవాళ కాస్త నిద్రపోతాను."

"నిద్రా?"

"తేలిపోయింది కదండి. తేలని సంగతే కదండి నిద్ర పట్టనివ్వంది. వస్తానండి."

"నాన్నగారూ, టీ. బాబాయిగారూ, లేచిపోయేరేంటండి? మీక్కూడా పెట్టేను."

"ఎందుకమ్మా ఎస్తేరూ ఇప్పుడు. ఇలా తే. బాగా చిక్కిపోయేవేంటి?"

"హాస్టలు తిండి కదండి. మెర్సీ ఎలా ఉంది? బుధవారం నుంచీ అసలు కనపడ్డమే లేదు. ఇవాళ మందిరానికి కూడా రాలేదు."

"కాస్త ఒంట్లో బాగోలేదమ్మా."

"కౌన్సెలింగు శుక్రవారమే కదండి. అప్పటికి తగ్గిపోవాలి. నేను రేపొచ్చి చూస్తానని చెప్పండి. ఎల్లుండి నేను మళ్ళీ విజయవాడ వెళ్ళిపోతున్నాను. పెట్టె సర్దుకుంటున్నాను."

"మళ్ళీ లాంగ్‌టర్మ్ కోచింగా అమ్మా?"

"ఆయ్. ఇంకో ఏడాది. ఈసారి రూములో మెర్సీ ఉండదు, అదే బెంగ."

"ఎస్తేరూ, లోపలికెళ్ళమ్మా."

"వెళ్తున్నాను నాన్నగారూ."

"ఉండమ్మా. నీకు ర్యాంకెంతొచ్చింది? నాన్నగారు చెప్పడం లేదు."

"రెండువేల ఆరువందల డెబ్భై, బాబాయిగారూ."

"ఎంతా?"

"డెబ్భై. మెర్సీ వెనకే. మన కోటాలో రాజమండ్రి అమ్మాయి, తరవాత మెర్సీ, తరవాత నేను. ఒక్క సీటులో పోయింది. ఏం చేస్తామండి, పోతే మెర్సీకే కదా పోయింది, పరాయివాళ్ళకి కాదు కదా అనుకున్నాను. గ్లాసు ఇలా ఇవ్వండి."

"వద్దమ్మా, తాగుతాను. నువ్వెళ్ళు."

"టీ చల్లారిపోతోంది సీమోనూ."

"ఆయ్."

"తాగు."

"మెర్సీ తరవాత పేరు ఎస్తేరుదాండి?"

"అవును."

"మీకు ఎప్పట్నుంచి తెలుసండి?"

"ర్యాంకులొచ్చిన రోజే లెక్కేసేను. ఒక్క సీటులో పోయిందని దానికి చెప్పింది కూడా నేనే. మెర్సీ లోకల్ కాదన్న సంగతి మాత్రం ఇవాళ నువ్వు చెప్తేనే తెలిసింది."

"అందుకాండి మళ్ళీ చెప్పమన్నారు?"

"అందుకే. రెండోసారి వినాలనిపించింది. నువ్వు ఆ గుమస్తా మాట చెప్తుంటే లోపల ఎంత సంతోషం వేసిందో తెలుసా? నీ కూతురు నాలుగింటికే లేచి కూచుంటోందని వింటూ కూడా సంతోషమే. సిగ్గులేని సంతోషం సీమోనూ. అరవైకి దగ్గరపడ్డాను, నా మీద నాకింత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు."

"తండ్రన్నాక ఉంటుంది లెండి. అదేం పాపం కాదు. నేను వస్తానండి."

"కూర్చో."

"తేలిపోయింది కదండి. మీరు కాదనేరు."

"కూర్చోమన్నానా. ఇందాక నేను కాదన్నది రిజిస్టరు కోసమా, ఎస్తేరు కోసమా?"

"రిజిస్టరు కోసమేనండి."

"నీకెలా తెలుసు?"

"మీరు ముప్పైయేళ్ళుగా..."

"ముప్పైయేళ్ళూ కాదన్నాను. దానివల్ల నా ఇంట్లో ఒక్కళ్ళకి పైసా లాభం లేదు కాబట్టి కాదన్నాను. అది నిజాయితీ అనుకున్నాను. ఇవాళ కాదంటే నా కూతురు డాక్టరవుతుంది. ఇంక అది నిజాయితీ ఎలా అవుతుంది?"

"అవుతుందండి! ఎందుకవదు? ఎవరికి లాభమొస్తే ఏంటండి, తప్పు తప్పే. మీరే కదండి చెప్పేవారు బళ్ళో."

"ఊరు ఒప్పుకుంటుందా? యానాంలో బాగా చదువుకుంటున్న పిల్లని బడి పేరు కోసం లాక్కొచ్చేడు, తీరా సీటు దగ్గరికొచ్చేసరికి కాయితం ఇవ్వకుండా ఆపి తన కూతుర్ని డాక్టర్ని చేసుకున్నాడు అంటారు."

"ఎవరూ అనరండి. నేననను. మా ఆవిణ్ణి అననివ్వను."

"నేనంటాను. ఎస్తేరు తెల్లకోటు వేసుకుని ఈ మెట్లెక్కిన ప్రతిసారీ నేనే అనుకుంటాను. ఆ సంచీ ఇలా అందుకో."

"ఎందుకండి?"

"పిల్లలు సర్టిఫికెట్ల కోసం ఇంటికే వస్తున్నారని సీలూ కాయితాలూ అందులోనే పెట్టుకున్నాను. అందుకో."

"మాస్టారూ, వద్దండి. తొందరపడకండి. రేపు చూద్దాం."

"రేపటికి నా మనసు మారిపోతుంది. నాకు తెలుసు."

"మారనివ్వండి! మారితే ఏమైందండి?"

"సరే, నువ్వు కదలకు. నేనే తీసుకుంటాను."

"ఆకాశరామన్న ఉత్తరం అన్నారు కదండి ఇందాక. పిల్లని మెడపట్టి బయటికి..."

"రాసేదెవడు? దీనివల్ల నష్టపోయేది నా ఇల్లొక్కటే. నేను రాయను."

"లోపల పిల్ల పెట్టె సర్దుకుంటోందండి."

"తెలుసు. సర్దుకోనీ. దానికి చెప్పను. ఉన్న సీటు పోయిందని దానికి తెలీదు, తెలియనివ్వను. ఇంకో ఏడాది చదువుతుంది."

"ఇప్పటికే రెండేళ్ళు హాస్టల్లో చదివిన పిల్లండి. ఇంకో ఏడాది అంటే ఎంతో నాకు తెలుసండి. మా ఇంట్లో చూస్తున్నాను కదండి."

"నాకూ తెలుసు. మాట్లాడకు, తప్పు పోతుంది. మెర్సీ ఇంటిపేరు గెడ్డమే కదా? 'కుమారి గెడ్డం మెర్సీ, తండ్రి సీమోను, తొంభై మూడు, తొంభై నాలుగు విద్యా సంవత్సరంలో...'"

"మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అదేంటయ్యా! ఇస్తానంటే కాళ్ళు పట్టుకుంటావేంటి? '...తొమ్మిదో తరగతి ఈ పాఠశాలయందు చదివినట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' రిజిస్టరు సంగతి రేపు బళ్ళో చూసుకుంటాను."

"సంతకం పెట్టకండి."

"మర్యాదకి వద్దంటున్నావని తెలుసు."

"మర్యాద కాదండి. దేవుడి తోడు, మర్యాద కాదు."

"పెట్టేసేను. ఇదిగో, సీలు కూడా పడింది. తడిగా ఉంది, అప్పుడే మడత పెట్టకు. తీసుకో."

"మీ దగ్గరే ఉంచండి."

"తీసుకో సీమోనూ. చెయ్యి నొప్పెడుతోంది. ఊరికే ఇచ్చేననుకోకు, మూడుసార్లు మీ వాకిట్లో కూర్చున్న పాపానికి ఇస్తున్నాను. నీకేం రుణం లేదు."

"నేను తీసుకోలేనండి."

"ఎందుకేడుస్తావయ్యా? పిల్లకి సీటొచ్చినట్టే. నువ్వొచ్చింది దీనికోసమే కదా?"

"కాదండి."

"మరి?"

"నాలుగు రోజులుగా ఇంట్లో ఒకటే గొడవండి. మా జోజి ఎవరో వేరే హెడ్మాస్టారితో మాట్లాడి ఉంచేడు. ఊఁ అంటే చాలు, సాయంత్రానికి కాయితం చేతిలో పెడతాడట. దొంగకాయితం నా చేత్తో నా కూతురికివ్వలేనండి. వద్దమ్మా అని దాని మొహం చూసి చెప్పనూలేను. అందుకని నేనే అన్నాను. అబ్రహాము మాస్టార్ని అడుగుతాను, ఆయనిస్తే కళ్ళకద్దుకుని తీసుకుందాం, ఆయన కాదంటే ఇంక ఎవర్నీ అడక్కూడదు, ఈ ఊసే ఎత్తకూడదు అని. మా ఆవిడ చేతా, జోజి చేతా, మెర్సీ చేతా బైబిలు మీద చెయ్యేయించేను. నేనూ వేసేను. ఈ ఊళ్ళో ఇవ్వనివారు మీరొక్కరేనండి. మీరు కాదంటారనే వచ్చేను మాస్టారూ."